ఏ చార్లెస్? ఏ హెన్రీ? ఒకే పేరున్న ఐరోపా రాజులను కలగలపకుండా గుర్తుపట్టడం ఎలా

ఒక పుస్తకంలో ఐదవ చార్లెస్ 1380లో చనిపోయాడని ఉంటుంది. ఇంకో పుస్తకంలో ఐదవ చార్లెస్ 1556లో గద్దె దిగి, 1558లో స్పెయిన్‌లోని యూస్తే మఠం దగ్గర కన్నుమూశాడని ఉంటుంది. మూడో పుస్తకం తిరగేస్తే 1556లో గద్దె దిగినవాడి పేరు మొదటి కార్లోస్. ఎక్కడా అచ్చుతప్పు లేదు, మూడూ సరైనవే. మొదటివాడు ఫ్రాన్స్ రాజు. రెండో, మూడో పుస్తకాల్లో ఉన్నది ఒకే మనిషి. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తుల వరసలో అతను ఐదో చార్లెస్. స్పెయిన్ వరసలో అంతకుముందు ఆ పేరుతో ఎవరూ లేరు కాబట్టి అక్కడ మొదటివాడు.

గ్రూప్స్‌కి చదివేవాళ్లు, చరిత్ర వ్యాసాలు అనువదించేవాళ్లు, పాత నాణేలు పోగుచేసేవాళ్లు తరచుగా తడబడేది ఇక్కడే. అంకెను మనిషి ఇంటిపేరులా చూడటం వల్ల ఈ తడబాటు వస్తుంది. నిజానికి అంకె సింహాసనానిది. హైదరాబాద్‌లో 5వ నంబరు బస్సూ, విశాఖలో 5వ నంబరు బస్సూ ఒకే చోటికి పోవు కదా, అలాంటిదే ఇదీ.

1. నాలుగు గడులు గీసుకోండి

కాగితం మీదో, స్ప్రెడ్‌షీట్‌లోనో నాలుగు గడులు పెట్టండి: సింహాసనం, పేరు, అంకె, ఏలిన ఏళ్లు. ఈ వరస మార్చొద్దు. అంకెను మొదటి గడిలో పెడితే కన్ను దానిమీదే ఆగిపోతుంది, సింహాసనం గడి ఖాళీగా మిగులుతుంది. సింహాసనం తెలియకుండా అంకె రాయకూడదన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే సగం తప్పులు అక్కడే పోతాయి.

పెన్సిల్‌తో రాయండి. ఒకే మనిషికి రెండు మూడు వరసలు అవసరమయ్యే సందర్భాలు చాలానే వస్తాయి.

2. పేరును మూలభాషలోకి తిప్పి చూడండి

ఇంగ్లిష్ పుస్తకాలు అందరినీ ఇంగ్లిష్ పేర్లలోకి మార్చేస్తాయి. కొన్ని మార్చవు. తెలుగులోకి వచ్చేసరికి రెండు పద్ధతులూ కలిసిపోయి, ఒకే మనిషి ఇద్దరవుతాడు. అందుకని ఈ కుటుంబాలు గుర్తుంచుకోండి.

చార్లెస్ అంటే ఫ్రెంచిలో షార్ల్, స్పానిష్‌లో కార్లోస్, ఇటాలియన్‌లో కార్లో, జర్మన్, స్వీడిష్ భాషల్లో కార్ల్, లాటిన్‌లో కరోలుస్. షార్లమేన్ కూడా ఈ కుటుంబమే, ఆ పేరుకు అర్థం ‘మహా చార్లెస్’. హెన్రీకి ఆన్రీ, హైన్రిష్, ఎన్రికే. లూయీకి లుడ్విగ్, లూయిస్, హంగేరీలో లాయోష్. విలియంకి గియోమ్, విల్‌హెల్మ్, విల్లెమ్. ఫ్రాన్సిస్‌కి ఫ్రాన్స్వా, ఫ్రాంజ్. జాన్‌కి జాఁ, హువాన్, యోహాన్, ఇవాన్. అన్నిటికన్నా మోసం చేసేది జేమ్స్: లాటిన్‌లో అది యాకోబుస్, ఫ్రెంచిలో జాక్, స్పానిష్‌లో హైమే. 1688 తర్వాత పదవి పోయిన రెండో జేమ్స్ పక్షాన నిలిచినవాళ్లను జాకోబైట్లు అన్నది ఈ లాటిన్ రూపాన్ని బట్టే.

స్పెయిన్ గురించి రాస్తూ ఒక పేరాలో కార్లోస్ అనీ, తర్వాతి పేరాలో చార్లెస్ అనీ రాయకండి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే వాడండి.

3. సంవత్సరంతో బిగించండి

సింహాసనం, పేరు, అంకె దొరికాక సంవత్సరం వేసి సరిచూడాలి. సంవత్సరం ఒక్కటే ఉంటే చాలదు, సింహాసనం తప్పకుండా పక్కన ఉండాలి. ఎందుకో రెండు ఉదాహరణలు చూడండి.

1665 నుంచి 1685 దాకా, ఇరవై ఏళ్లపాటు ఐరోపాలో ఇద్దరు రెండో చార్లెస్‌లు రాజులుగా ఉన్నారు. ఒకరు ఇంగ్లండ్ రాజు (1660–1685). పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌తో పెళ్లి ఒప్పందంలో ఆయనకు బొంబాయి వచ్చింది, 1668లో దాన్ని ఏడాదికి పది పౌన్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఇంకొకరు స్పెయిన్ రాజు (1665–1700), నాలుగేళ్లు నిండకుండానే గద్దెనెక్కి, పిల్లలు లేకుండా పోయిన చివరి స్పానిష్ హాబ్స్‌బర్గ్ వంశపు రాజు. “1680లో రెండో చార్లెస్” అని మాత్రమే రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

ఇంతకంటే చిక్కు ఫ్రాన్స్‌ది. 1574 నుంచి 1589 వరకు ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ. అదే కాలంలో పక్కనున్న నవారా రాజ్యానికీ రాజు మూడో హెన్రీయే. ఇద్దరూ బావా బావమరుదులు, ఇద్దరిదీ ఫ్రెంచే, ఇద్దరూ ఒకే అంతర్యుద్ధంలో ఉన్నారు. వీళ్లు చాలరన్నట్టు మూడో పక్షానికి నాయకుడైన గీజ్ ప్రభువు పేరు కూడా హెన్రీ. అందుకే ఆ యుద్ధానికి ‘ముగ్గురు హెన్రీల యుద్ధం’ అని పేరు. గీజ్‌ను 1588 డిసెంబరులో బ్లువా కోటలో రాజు మనుషులు చంపారు. 1589 ఆగస్టులో ఫ్రాన్స్ మూడో హెన్రీని జాక్ క్లెమాఁ అనే సన్యాసి పొడిచాడు. అప్పుడు నవారా మూడో హెన్రీ ఫ్రాన్స్‌కు నాలుగో హెన్రీ అయ్యాడు. 1610లో ఆయనా హత్యకే గురయ్యాడు.

ఈ ఘట్టం రాసేటప్పుడు అంకెలు పక్కన పెట్టి, 1589 వరకు ‘ఫ్రాన్స్ హెన్రీ’, ‘నవారా హెన్రీ’, ‘గీజ్ హెన్రీ’ అని రాయడమే మేలు. 1589 దాటాక ‘నాలుగో హెన్రీ’ మొదలుపెట్టండి. మారిన చోట ఒక్క వాక్యంలో చెప్పండి: నవారా హెన్రీయే ఈ నాలుగో హెన్రీ అని. ఆ వాక్యం మరిచిపోతే పాఠకుడు కొత్త మనిషి వచ్చాడనుకుంటాడు.

4. ఒకే తలకు ఎన్ని కిరీటాలో లెక్కపెట్టండి

ఒక రాజుకు రెండు మూడు రాజ్యాలుంటే ప్రతి రాజ్యంలోనూ అంకె వేరే ఉండొచ్చు. మీ పట్టికలో ప్రతి కిరీటానికీ ఒక వరస రాసి, అన్నిటినీ ఒక గీతతో కలపండి.

స్కాట్లండ్ ఆరో జేమ్స్ 1567లో ఏడాది పిల్లవాడిగా రాజయ్యాడు. 1603లో ఇంగ్లండ్ గద్దె కూడా దక్కాక అక్కడ మొదటి జేమ్స్. 1611లో కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టినప్పుడు రాజు ఈయనే. మన పుస్తకాల్లో మొదటి జేమ్స్ అని ఉంటుంది, స్కాట్లండ్ పుస్తకంలో ఆరో జేమ్స్ అని కనిపిస్తే కంగారుపడొద్దు.

1792లో పవిత్ర రోమన్ చక్రవర్తి అయిన రెండో ఫ్రాంజ్, నెపోలియన్ ఒత్తిడి చూసి 1804లో ఆస్ట్రియా సామ్రాజ్యాన్ని ప్రకటించి దానికి మొదటి ఫ్రాంజ్ అయ్యాడు. పాత సామ్రాజ్యం 1806లో రద్దయింది. అంటే రెండేళ్లపాటు ఒకే మనిషి ఒకేసారి మొదటివాడూ రెండోవాడూ! 1805 నాటి ఘటన రాసేటప్పుడు ఏ హోదాలో చేశాడో చూసి అంకె వేయండి.

ఈ తరహాలో నేపుల్స్ ఫెర్డినాండ్‌ను మించినది లేదు. 1759లో ఎనిమిదేళ్ల వయసులో రెండు గద్దెలెక్కాడు. నేపుల్స్‌లో నాలుగోవాడు, సిసిలీలో మూడోవాడు. 1816లో రెండు రాజ్యాలనూ కలిపి ‘రెండు సిసిలీల రాజ్యం’ అన్నారు, కొత్త రాజ్యం కాబట్టి అందులో మొదటివాడయ్యాడు. వయసు పెరిగేకొద్దీ అంకె తగ్గిన రాజు. పట్టిక ఇలా వస్తుంది:

నేపుల్స్ – ఫెర్డినాండ్ – 4 – 1759 నుంచి 1816
సిసిలీ – ఫెర్డినాండ్ – 3 – 1759 నుంచి 1816
రెండు సిసిలీలు – ఫెర్డినాండ్ – 1 – 1816 నుంచి 1825

నెపోలియన్ కాలంలో నేపుల్స్ ఇతని చేతినుంచి జారింది. సిసిలీ మాత్రం జారలేదు. అందుకే 1810లో అతణ్ణి ‘నేపుల్స్ నాలుగో ఫెర్డినాండ్’ అంటే వాస్తవ పరిస్థితికి సరిపోదు, ‘సిసిలీ మూడో ఫెర్డినాండ్’ అనాలి.

హాబ్స్‌బర్గ్‌లలో దాదాపు అందరిదీ ఇదే కథ. ఆస్ట్రియా చివరి చక్రవర్తి మొదటి కార్ల్ (1916–1918) హంగేరీలో నాలుగోవాడు, బొహీమియాలో మూడోవాడు. హంగేరీ రాజుల జాబితాలో అంకె చూసి వియన్నా జాబితాలో వెతికితే దొరకడు.

5. లెక్క ఎక్కడ మొదలైందో కనుక్కోండి

అంకెలు ఒకటి నుంచి వరసగా నడుస్తాయని నమ్మితే దెబ్బతింటారు. లెక్క మొదలుపెట్టే చోటు ఒక్కో దేశానికి ఒక్కో తీరు.

ఇంగ్లండ్‌లో లెక్క 1066 నార్మన్ విజయంతో మొదలు. అంతకుముందు ముగ్గురు ఎడ్వర్డ్‌లు రాజ్యం చేసినా వాళ్లకు అంకెలు లేవు, బిరుదులే. 1272లో వచ్చినవాడు మొదటి ఎడ్వర్డ్. నిజానికి ఆ కాలంలో ఎవరూ ‘మొదటి’ అనలేదు. ‘హెన్రీ రాజు కొడుకు ఎడ్వర్డ్’ అంటే సరిపోయేది. ఆయన మనవడి కాలానికి తండ్రీ తాతల పేరూ అదే కావడంతో ‘విజయం తర్వాత మూడో ఎడ్వర్డ్’ అని పత్రాల్లో రాయాల్సి వచ్చింది. మన రెండవ పులకేశి, రెండవ దేవరాయలకు అంకెలు తగిలించింది కూడా ఆధునిక చరిత్రకారులే.

స్వీడన్‌లో పరిస్థితి ఇంకా తమాషా. 1604లో రాజైన తొమ్మిదో కార్ల్, అప్పటికి ప్రచారంలో ఉన్న ఒక కల్పిత వంశచరిత్రను నమ్మి అంకె పెట్టుకున్నాడు. ఆ చరిత్రలోని మొదటి ఆరుగురు కార్ల్‌లు కేవలం ఊహ. కాబట్టి స్వీడన్ మొదటి కార్ల్ గురించి రాయమంటే రాయడానికి మనిషే లేడు. ఆధారాలున్న మొదటి కార్ల్‌కు ఉన్న అంకె ఏడు. ఇప్పటి రాజు (1973 నుంచి) 16వ కార్ల్ గుస్తావ్, లెక్కిస్తే పదోవాడు.

ఖాళీలు కనిపించినా జాబితా తప్పనుకోకండి. ఫ్రాన్స్‌లో 16వ లూయీ తర్వాత రాజ్యం చేసినవాడు 18వ లూయీ. మధ్యలోని 17వ లూయీ 16వ లూయీ కొడుకు, ఒక్కరోజూ ఏలకుండా 1795లో చెరలోనే చనిపోయిన పదేళ్ల పిల్లవాడు. రాజభక్తులు లెక్కలో అతని చోటు అతనికి ఉంచారు. 18వ లూయీ ఇతని బాబాయి. అలాగే 15వ లూయీ 14వ లూయీకి కొడుకు కాదు, ముని మనవడు. 16వ లూయీ 15వ లూయీకి మనవడు. అంకె ఒకటి పెరిగితే తరం ఒకటి దిగిందనుకోవడం పరీక్షల్లో తరచూ కనిపించే తప్పు.

రాజ్యం కొత్తదైతే అంకె మళ్లీ ఒకటి నుంచి రావాలని కూడా లేదు. సార్డీనియా రాజు రెండో విక్టర్ ఇమాన్యుయేల్ 1861లో ఇటలీకి మొట్టమొదటి రాజయ్యాడు, అంకె మాత్రం రెండే ఉంచుకున్నాడు. నేపుల్స్ ఫెర్డినాండ్ చేసినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. జర్మనీలో 1888లో 99 రోజులే ఏలిన చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ కూడా తన వంశం ఏలిన జర్మన్ రాజ్యం ప్రష్యా లెక్కనే కొనసాగించాడు. రష్యాలో 1740–41 నాటి పసి చక్రవర్తిని ఇప్పుడు ఆరో ఇవాన్ అంటాం. అతని కాలంలో మూడో ఇవాన్ అనేవారు, ఎందుకంటే అప్పటి లెక్క ‘జార్’ బిరుదు పెట్టుకున్న ఇవాన్ నుంచి మొదలయ్యేది.

ఈ లెక్కలు పుస్తకాలకే పరిమితం అనుకోవద్దు. 1952లో రెండో ఎలిజబెత్ గద్దెనెక్కినప్పుడు స్కాట్లండ్‌లో గొడవైంది: మాకు మొదటి ఎలిజబెతే లేదు, రెండో ఆమె ఎలా వస్తుంది అని. కేసు కోర్టుకెక్కి 1953లో ఓడిపోయింది. ఎడిన్‌బరో శివారులో ఆమె అంకె ఉన్న పోస్టు డబ్బాను 1953 ఫిబ్రవరిలో పేల్చేశారు. ఆ తర్వాత స్కాట్లండ్ డబ్బాల మీద అంకె మానేసి స్కాట్లండ్ కిరీటం బొమ్మ మాత్రం వేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ వరసల్లో ఏ అంకె పెద్దదైతే అది తీసుకుందామని అప్పటి ప్రధాని చర్చిల్ సూచించారు.

6. జంటపేర్లను విడగొట్టొద్దు

ఫ్రెడరిక్ వేరు, ఫ్రెడరిక్ విలియం వేరు. ప్రష్యాలో వరస ఇదీ: మొదటి ఫ్రెడరిక్, మొదటి ఫ్రెడరిక్ విలియం, రెండో ఫ్రెడరిక్ (‘మహా ఫ్రెడరిక్’, 1740–1786), రెండో ఫ్రెడరిక్ విలియం. ఒక్కో పేరుకు ఒక్కో లెక్క. ‘విలియం’ ఎగరగొడితే తండ్రీ కొడుకులు కలిసిపోతారు. లూయీ ఫిలిప్ (1830–1848) కూడా లూయీల లెక్కలోకి రాడు, ఫ్రాంజ్ జోసెఫ్ ఫ్రాంజ్‌ల లెక్కలోకి రాడు.

అంకె ఏమాత్రం తేలకపోతే బిరుదును ఆసరా చేసుకోండి. ఊళ్లో నలుగురు వెంకయ్యలుంటే పొట్టి వెంకయ్య, బట్టతల వెంకయ్య అన్నట్టే, తొమ్మిదో శతాబ్దంలో పశ్చిమ ఐరోపాను ఏలిన ఫ్రాంకు రాజులను బట్టతల చార్లెస్, లావు చార్లెస్ అని విడదీశారు. లావు చార్లెస్ చక్రవర్తుల లెక్కలో మూడోవాడు. ఫ్రాన్స్ లెక్కలో మూడో చార్లెస్ మాత్రం ఆయన తర్వాత వచ్చిన ‘సాదా చార్లెస్’.

7. తేదీల ఉచ్చు

ఇంగ్లండ్‌లో 1752కు ముందు అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మొదటి చార్లెస్ తల నరికినది 1649 జనవరి 30న. ఆనాటి పత్రాల్లో మాత్రం 1648 జనవరి 30 అని ఉంటుంది. జనవరి 1 నుంచి మార్చి 24 మధ్య తేదీ కనిపిస్తే రెండు ఏళ్లలో ఏది వాడారో తప్పక సరిచూడండి.

చట్టాల మీద ‘ఫలానా రాజు పన్నెండో ఏడు’ అనే లెక్క ఉంటుంది. ఆయన కొడుకు రెండో చార్లెస్ ప్రవాసం నుంచి 1660లో గద్దెకు తిరిగొచ్చాడు. ఆ ఏటి చట్టాల మీద మాత్రం ‘పన్నెండో ఏడు’ అని ఉంటుంది, తండ్రి చనిపోయిన రోజునుంచే తన ఏలుబడిని లెక్కించారు కాబట్టి. 1660కి పన్నెండు కలిపి 1672 అని రాసేస్తే చట్టం పుష్కరం ముందుకు జరిగిపోతుంది.

8. చేతిలో నాణెం ఉంటే

తాతల పెట్టెల్లో దొరికే వెండి రూపాయిలు అభ్యాసానికి మంచివి. అంచున రాసినది అరిగిపోయినా బొమ్మ చెబుతుంది. గడ్డంతో, తలమీద కిరీటం లేకుండా ఉంటే ఏడో ఎడ్వర్డ్. గడ్డమూ కిరీటమూ రెండూ ఉంటే ఐదవ జార్జి. కిరీటం ఉండి గడ్డం లేకపోతే ఆరో జార్జి. ముఖం ఎటు తిరిగిందో చూసి జార్జిలను పట్టుకుందామనుకుంటే కుదరదు, ఇద్దరూ ఎడమవైపే చూస్తారు. వీళ్లిద్దరి మధ్య 1936లో ఏడాది కూడా నిండకుండా దిగిపోయిన ఎనిమిదో ఎడ్వర్డ్ బొమ్మతో బ్రిటిష్ ఇండియా రూపాయి రాలేదు. 1936 అని ఉంటే అది ఐదవ జార్జిదే.

1911 రూపాయి దొరికితే భూతద్దం పెట్టి ఐదవ జార్జి అంగీ మీది హారంలో ఏనుగు బొమ్మ చూడండి. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపిస్తుందని అప్పట్లో అలజడి రేగింది, తర్వాత అచ్చు మార్చారు.

1835 కంపెనీ రూపాయి మీద నాలుగో విలియం అంకెను నాలుగు నిలువు గీతలతో వేశారు. మామూలుగా ఉండాల్సిన రోమన్ రూపం కాదని దాన్ని నకిలీ అనుకోవద్దు. డెన్మార్క్ రాజులైతే పేరు మొదటి అక్షరంలో మామూలు అంకెను ఇరికించి ముద్ర వేసేవారు. నాలుగో క్రిస్టియన్ ముద్రలో ‘సి’ అక్షరం కడుపులో 4 ఉంటుంది. తెలుగు కావ్యాలు రాసిన తంజావూరు రఘునాథ నాయకుడితో 1620లో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో కోట కట్టించుకున్నది ఈ నాలుగో క్రిస్టియన్ మనుషులే. అక్కడి రాజులను గుర్తుపెట్టుకోవడం తేలిక: 1513 నుంచి 1972 దాకా క్రిస్టియన్, ఫ్రెడరిక్, క్రిస్టియన్, ఫ్రెడరిక్ అని ఒకరి తర్వాత ఒకరు. నాలుగో క్రిస్టియన్ తర్వాత మూడో ఫ్రెడరిక్, ఆ తర్వాత ఐదో క్రిస్టియన్. క్రిస్టియన్ అంకె ఎప్పుడూ ఒకటి ముందుంటుంది.

9. తెలుగులో రాసేటప్పుడు

మొదటిసారి పేరు వచ్చినప్పుడు పూర్తిగా రాయండి: ‘ఫ్రాన్స్ రాజు 14వ లూయీ (1643–1715)’. తర్వాత ‘14వ లూయీ’ చాలు. ‘వ’ మరిచి ‘14 లూయీ’ అని వేస్తే పద్నాలుగు మంది లూయీలు అయిపోతారు. పది దాకా అక్షరాల్లో (ఎనిమిదో హెన్రీ), ఆపైన అంకెల్లో రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. ‘ఐదో’, ‘ఐదవ’ రెండూ సరైనవే, ఒక వ్యాసంలో ఒకటే వాడండి. మాకు ‘ఐదవ’ మీద మక్కువ, ‘ఆరవ’ మీద లేదు. ఎందుకని అడగొద్దు.

ఆ పేరుతో ఒక్కరే ఉన్న రాజుకు ‘మొదటి’ తగిలించకండి. ఇంగ్లండ్ జాన్, స్టీఫెన్, విక్టోరియాలకు అంకె లేదు. స్పెయిన్ హువాన్ కార్లోస్ మాత్రం మొదటినుంచీ ‘మొదటి’ అనే రాసుకున్నాడు, కాబట్టి ఆయనకు ఉంచండి.

ఆఖరున అచ్చుకు పంపేముందు రోమన్ అంకెలను తెలుగులోకి మార్చిన చోట్లన్నీ మూలంతో మరోసారి పోల్చండి. ‘వీ’కి ఎడమవైపు గీత ఉంటే నాలుగు, కుడివైపు ఉంటే ఆరు. నాలుగో జార్జి (1820–1830), ఆరో జార్జి (1936–1952) తారుమారయ్యేది ఇక్కడే. పక్కన ఏళ్లు వేసి ఉంటే ప్రూఫు దిద్దేవాళ్ల కంటికి ఆ తప్పు వెంటనే తగులుతుంది.